వదిన రిపోర్టు

“బొమ్మ... బొమ్మ...” ఫోను మళ్లీ అదే మాట చదివింది. చూపులేని వదిన దాన్ని చెవికి ఆనించుకుని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతోంది.

“రక్తపరీక్ష రిపోర్టేగా? ఇలా ఇవ్వు వదినా, చదివేస్తాను,” అన్నాడు మరిది. ఆ పరీక్ష చేసిన ల్యాబుకు వెబ్‌సైటు తయారుచేసింది అతనే.

“రిపోర్టుని బొమ్మగా ఎందుకు పెట్టావు? అక్షరాలైతే నా ఫోనే చదివేసేది కదా!”

“అందంగా ఉంటుందని. అయినా చూపులేనివాళ్లు ఎంతమంది వస్తారు దాంట్లోకి?”

“ఒకదాన్ని నీ ఎదురుగానే ఉన్నానుగా!”

అతను నవ్వేసి, ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

“పెళ్లయిన ఇన్నేళ్లకి ఆశపడి చేయించుకున్న పరీక్ష. నా కడుపు పండిందో లేదో నాకంటే ముందు నీకు తెలియాలా?”

చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆమె బ్యాంకు సంగతులూ, పుట్టింటి కబుర్లూ అన్నీ తనే చదివిపెట్టాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. ఆమెకంటూ ఒక్క రహస్యమూ మిగల్చలేదని ఇప్పుడు తట్టింది.

వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె రిపోర్టు తెరవకుండానే, రిపోర్టులన్నీ బొమ్మలుగా కాక అక్షరాలుగా వచ్చేలా సైటు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ వదిన ఒకచోట కుదురుగా నిలబడలేదు.

“ఇప్పుడు విను వదినా.”

ఆమె ఇయర్‌ఫోను పెట్టుకుని గోడవైపు తిరిగి వింది. భుజాలు కదిలాయి. ఏడుపో నవ్వో అతనికి తెలియలేదు.

“ఏమొచ్చింది?” ఆత్రం ఆపుకోలేక అడిగాడు.

“ముందు మీ అన్నయ్యకి చెప్పాలి. నువ్వు కాసేపు బయటికెళ్లు.”

అతను వెళ్తూ తలుపు దగ్గరగా వేశాడు. లోపలినుంచి వదిన నవ్వు వినిపించింది. విననట్టే నడిచాడు.