సర్దార్ మామకు పగ్డీ బట్ట

"పగడాలా! పిల్లనిచ్చుటానికి పగడాలడుగుతరార!"

పూలమ్మ చేతిలోని చాట ఎగిరింది. చాటలోని బియ్యం వాకిలంతా తలంబ్రాలైంది.

"పగడాలు కాదవ్వా, పగ్డీ! సర్దార్ మామ నెత్తికి చుట్టుకునే బట్ట," అన్నాడు కొడుకు రాజం, గింజలు ఏరుతూ.

"గట్ల జెప్పు! నా గుండె బాయిల వడ్డది."

నిజానికి రోజూ బాయిలోకి దిగేది రాజమే. గోదావరిఖని బొగ్గుబాయిలో టబ్బులు నింపే రాజానికి సారక్క బిడ్డ అనసూర్య మీద మనసు. అనసూర్యకూ అంతే. మధ్యలో రామకృష్ణాపూర్ నుంచి ఎల్లేశం సంబంధం వచ్చిపడింది. ఎల్లేశం గుమాస్తా. అతనిది ఇస్త్రీ చొక్కా, రాజానిది మసి చొక్కా. ఇస్త్రీకీ మసికీ పందెం పెడితే ఏ తల్లి మసివైపు చూస్తుంది?

సారక్క మొగుడు ఇంట్లో నోరు తెరిచేది బువ్వకూ ఆవులింతకూ మాత్రమే. ఆ ఇంట్లో చెల్లేది సారక్క రాఖీ కట్టిన అన్న మాట. ఆ అన్నే సర్దార్ కర్నైల్ సింగ్. బొగ్గు కోసం పంజాబు నుంచి లారీలో వచ్చాడు, లారీ చెడిపోతే ఆగాడు, బాగయ్యాక కూడా పోలేదు. చౌరస్తా పక్కనే లారీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు.

"నా బిడ్డకు మేనమామంటే ఆయననే. మేనమామకు బట్ట వెట్టకుంట లగ్గం ముచ్చట లేదు. పగ్డీ బట్ట తెచ్చియ్యున్రి. మా అన్న ఎటంటే అటే," అని సారక్క రెండు ఇళ్లకూ కబురు చేసింది.

రాజం పరుగున బట్టల దుకాణానికి పోయాడు.

"పెద్దమనిషి నెత్తికి తక్కువదెట్ల వెడ్తవ్ తమ్మీ? పట్టు వట్కపో," అన్నాడు లింగమూర్తి సేటు.

రాజం పట్టు పట్టుకుని షెడ్డుకు చేరాడు.

"మడతేసి చూద్దాం. ఆ కొస పట్టు," అన్నాడు సర్దార్.

సర్దార్ భార్య తల్లికి బాగాలేక లూధియానా పోయింది. పగ్డీ మడతేమో ఒంటి మనిషి పని కాదు. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టి బిగుతుగా లాగితేనే నిలువునా మడతలు పడతాయి. ఏ ఒక్కరు వదిలినా కథ మళ్ళీ మొదటికే.

రాజం కొస పట్టుకుని నిలబడ్డాడు. సర్దార్ తీరిగ్గా మడుస్తూ ముచ్చట్లలో పడ్డాడు.

"సారా తాగుతవా?"

"లేదు మామా. పండుగకింత కల్లు."

"మీ అవ్వకు పానం మంచిగ లేకుంటే?"

"దవాఖానకు నేనే తీస్కపోత. వంట గూడ నేనే. ఉప్పెక్కువైందని తిడ్తది."

సర్దార్ గడ్డంలోనే నవ్వుకుని బట్టను తలకు చుట్టాడు. రెండో చుట్టుకే అది జారి ముక్కు మీద కూర్చుంది.

"పట్టుకు పట్టు లేదు రాజం. ఇంకోటి తే."

"దునియా మొత్తం ఇప్పుడు టెరిలినే," అన్నాడు లింగమూర్తి. రాజం టెరిలిన్ తెచ్చాడు. మళ్ళీ కొస, మళ్ళీ ముచ్చట.

"కోపమొస్తే ఏం జేస్తవ్?"

"బొగ్గు మీద తీస్త మామా. ఇంటికొచ్చే వరకు అయిపోతది."

టెరిలిన్ గంజి తాగనంది, గాలి ఆడనివ్వనంది.

"నెత్తి మీద బాయిలర్ వెట్టినవ్ గదర! ఇంకోటి తే."

ఈసారి పల్చటి నూలు మల్లు బట్ట. సగం మడతలో ఉండగా బయట లారీ ఒకటి మొరాయించింది. "ఇడువకు, ఇప్పుడే వస్త," అని సర్దార్ దాని కిందికి దూరాడు. ఆ 'ఇప్పుడు' ఎంతసేపటికీ రాలేదు. షిఫ్టు దిగివచ్చిన చేతులు గుంజుతున్నా, కొస నేలకు తగిలితే మైలపడుతుందని రాజం అలాగే నిలబడ్డాడు. సర్దార్ వచ్చి చుట్టి చూశాడు. పన్నా తక్కువ, వెడల్పు చాలలేదు. ఒక చెవి లోపల, ఒక చెవి బయట.

సరిగ్గా అప్పుడే ఎల్లేశం దిగాడు, చంకలో పట్నం నుంచి తెప్పించిన ఫుల్ వాయిల్ పగ్డీ బట్టతో. నెమలికంఠం రంగు.

సర్దార్ వేళ్ల మధ్య నలిపి చూసి, "వాహ్! బట్టంటే ఇదీ! గంజి తాగుతది, గాలి ఆడ్తది, చుడితే నిలవడ్తది. ఆ కొస పట్టు బేటా," అన్నాడు.

ఎల్లేశం గడియారం చూసుకున్నాడు. కొసను కిటికీ ఊచకు చకచకా ముడేసి, "బస్సుకు టైమైంది మామా," అని వెళ్ళిపోయాడు.

ముడి కూడా ఎంత నీటుగా వేశాడో అనిపించింది రాజానికి. మల్లు బట్ట మడిచి చంకలో పెట్టుకుని, తలొంచుకుని ఇంటిదారి పట్టాడు.

ఆదివారం సారక్క ఇంట్లో అందరూ కూడారు. సర్దార్ వచ్చాడు. తల మీద నెమలికంఠం రంగు వాయిల్ నిగనిగలాడుతోంది. అది చూడగానే తలుపు వెనక అనసూర్య కొంగు కళ్లకు చేరింది.

"లే బిడ్డా, పోదాం," అంది పూలమ్మ కొడుకుతో.

"అన్న మాట నెత్తి మీదనే కనవడ్తుంది గదా. ఇగ రామకృష్ణాపూర్‌కు కబురు జేస్త," అంది సారక్క.

"ఆగు చెల్లె. పిల్లను రాజంకియ్యి," అన్నాడు సర్దార్.

లేవబోయిన పూలమ్మ మళ్ళీ కూలబడింది.

"అదేందే అన్నా! రాజం తెచ్చినయన్ని వాపస్ జేస్తివి. ఎల్లేశం బట్టనేమో చుట్టుకొనే వస్తివి. ఎంచుమని నీకే ఒప్పజెప్తే గిట్లనా ఎంచేది?"

"ఎల్లేశం బట్ట అవ్వల్ దర్జా," అంటూ సర్దార్ రాజం భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను ఎంచింది బట్టను గాదు చెల్లె, అల్లున్ని."