పట్టు

ఇలన్ పైపులనే ఐరిష్ తిత్తివాద్యాలు తయారుచేసే ముసలి ఫింటన్ పీక పట్టుకుని బెంచీకేసి అదిమాడు డినీ. క్లేర్ జిల్లా ముష్టియుద్ధాల్లో ముగ్గురి దవడలు విరగ్గొట్టిన చెయ్యి అది.

"రెండేళ్లు తిప్పించుకుని సగం వాద్యం అంటగడతావా? అందరి వాద్యాలకీ ఉండే ఆ మూడు పొడుగు గొట్టాలేవిరా?"

"కొత్తగా నేర్చుకునేవాడికి అవుండవు. తిత్తీ, వేళ్లాడించే గొట్టమూ అంతే!"

"మరి పీక కోసిన పందిలా అరుస్తోందే?"

"తిత్తినెలా నొక్కావు?"

"ఇలా!"

ముసలాడు కళ్లు తేలేసి, డినీ మణికట్టు మీద టపటపా కొట్టాడు. పట్టు కాస్త సడలింది.

"ఆఁ, ఆగు! ఇంక వదలకు. ఇప్పుడు నేను చావను, అరవలేను. మోచేత్తో తిత్తిని సరిగ్గా ఇంతే నొక్కాలి."

డినీ పీక వదిలి తన చేతివంక చూసుకున్నాడు.

"మర్చిపోతానేమో... ఇంకొక్కసారి పట్టుకోనా, తాతా?"