ర్యాంపు ఎత్తు

“మళ్ళీ కోస్తున్నావా?”

కూతురి గొంతు వినగానే వడ్రంగి చేతిలో రంపం ఆగింది. పొద్దున పెరట్లో నిలబెట్టినప్పుడు స్కేట్‌బోర్డు మీద జారడానికి చేసిన ఆ ప్లైవుడ్ ర్యాంపు ఆమె నడుమంత ఎత్తుంది. ఇప్పుడు మోకాలి దాకా కూడా లేదు.

“కాస్త ఊగుతోందమ్మా, అందుకని...”

“నువ్వు చేసిందా ఊగేది? భయమేస్తోందని చెప్పు.”

అతను తల దించుకున్నాడు. పెద్దకూతురు స్కేట్‌బోర్డు మీద వెళ్తూనే లారీ కింద పడి చనిపోయింది. ఇప్పుడు చిన్నది అదే బోర్డుతో అదే రోడ్డెక్కుతోంది. తిట్టాడు, బతిమాలాడు, బోర్డు దాచాడు. ఏదీ కుదరక, ఇంటిపట్టునే ఉంటుందని ఈ ర్యాంపు మొదలుపెట్టాడు. తీరా నిలబెట్టాక, అక్కణ్ణుంచి ఆమె పడుతున్నట్టే కనిపించి ప్రాణం విలవిల్లాడింది.

“ఇది ర్యాంపు కాదు నాన్నా, పీట. కూర్చుని అన్నం తినడానికి పనికొస్తుంది. నేను రోడ్డుకే పోతా.”

“వద్దు తల్లీ! నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు కూడా పోతే నేను బతకను.”

ఆమె బోర్డుని గుండెలకు హత్తుకుంది.

“నేను ఆటకోసం పోతున్నాననుకున్నావా? ఇంట్లో అక్క మాటెత్తితే లేచి వెళ్ళిపోతావు. ఆ రోడ్డు మీదైతేనే అక్క నా పక్కనున్నట్టుంటుంది.”

రంపం అతని చేతిలోంచి జారి నేల మీద పడింది.

“అక్క... ఎంత ఎత్తు ర్యాంపు నుంచి దిగేదమ్మా?”

ఆమె చెయ్యెత్తి తన ఛాతీ దాకా చూపించింది.

అతను కళ్ళు తుడుచుకుని, కొలత టేపు తీసి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“చెయ్యి దించకు. కొలుచుకోనీ.”