చక్రం కింద రాయి

"ఏటి ఎతుకుతున్నావు బావా?" అడిగాడు గురువులు.

భిలాయి దగ్గర కుమ్హారి అనే ఊళ్లోని తుక్కు దుకాణంలో, పిచ్చిమొక్కల మధ్య తమ పాత లారీ ముఖం కనబడగానే దాలినాయుడు వంగి నేల వెతకడం మొదలుపెట్టాడు.

"రాయిరా. మన బండికి హ్యాండ్‌బ్రేకు పట్టదు కదేటి."

పని మానేసి ఏళ్లయినా డ్రైవర్లిద్దరికీ ఆ అలవాటు పోలేదు. బండి ఆగితే వెనక చక్రం కింద రాయి పెట్టందే అన్నం ముట్టేవాళ్లు కాదు.

"భిలాయి ఇనుం ఎత్తుకుని కేశ్‌కాల్ ఘాట్ ఎలాగెక్కీసీది బావా!"

"ఏనుగురా అది!"

దాలినాయుడు రాయి పట్టుకుని లారీ వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. అక్కడ చక్రం లేదు. ఇరుసు మట్టిలో కూరుకుపోయి ఉంది.

"చక్రాల్లేని బండి ఎక్కడికి పోద్ది బావా?" అన్నాడు గురువులు మెల్లిగా.

లారీని కోయడానికి గ్యాస్ కట్టర్ వెలిగించిన మనిషి, "బాబా, హట్ జావో," అంటూ పక్కకి తప్పుకోమని కసిరాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి.

"మరి మనమెక్కడికి పోదాం బావా?"

దాలినాయుడు చేతిలో ఉండిపోయిన రాయిని తన కాలి ముందు పెట్టుకుని, రోడ్డు వారనే కూలబడ్డాడు.