గోడమీది ఫ్రేము

"నా కోర్సు కొట్టేసే హక్కు మీకెవరిచ్చారు?" మరీసా అరిచింది.

ఆమె రెండేళ్ల చదువు ప్రణాళికలోంచి టెక్నికల్ మ్యాథ్స్‌ను కాలేజీ సలహాదారు ప్రూయిట్ ఎర్రపెన్నుతో కొట్టేసి, పక్కన కాలిక్యులస్ అని రాసింది. దానికి ముందు ఇంకో రెండు కోర్సులు చదవాలి. అంటే ఇంకో ఏడాది.

"ఇంజనీరింగ్ టెక్నాలజీకి టెక్నికల్ మ్యాథ్స్ చాలని మీ కాలేజీ పుస్తకంలోనే ఉందిగా!"

"ఈ రెండేళ్లతో ఆగేవాళ్లకి చాలు. నువ్వు ఆ తర్వాత యూనివర్సిటీకి పోతానన్నావు."

"నాతో గేర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇక్కడ చదివినవాళ్లందరికీ టెక్నికల్ మ్యాథ్సే ఇచ్చారు. నాకే ఏడాది శిక్షా? యూనివర్సిటీకి పోయే మొహం కాదని, మధ్యలోనే మానేస్తాననేగా?"

"అరుపులాపి సంతకం పెట్టు."

"మీకేం మేడమ్! పట్టాకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుని, దాని కింద కూర్చుని మాలాంటివాళ్లని తరుముతుంటారు."

"దగ్గరికెళ్లి చదువు."

మరీసా విసురుగా లేచి వెళ్లింది. అది పట్టా కాదు. ఇరవై ఆరేళ్ల కిందట యూనివర్సిటీ రాసిన ఉత్తరం.

'లొరేన్ ప్రూయిట్ గారికి, మీరు చదివిన టెక్నికల్ మ్యాథ్స్ మా దగ్గర చెల్లదు. మొదటి ఏడాది నుంచి మళ్లీ చదవాలి.'

"మళ్లీ చదివారా?" మరీసా గొంతు తగ్గింది.

"చదివుంటే ఇంజనీరునై యంత్రాల డిజైన్లు గీసుకునేదాన్ని. ఇక్కడ కూర్చుని నీ అరుపులు పడేదాన్నా? సంతకం పెట్టు."