పలకకు సరిపోని సంఖ్య

శనివారం ఉదయం పది గంటలకు, బోధన్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ గేటు దగ్గర రాతిపలకపై చెక్కిన ప్రధాన సంఖ్య, ప్రధాన సంఖ్య కాదని తేలింది.

లెక్కల లెక్చరర్ తూబా రాసిచ్చింది వరుసగా పంతొమ్మిది ఒకట్లు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య అది. పలక మీద పదకొండు ఒకట్లే ఉన్నాయి. కింది వరుసలో ‘సంఖ్య ఎంపిక: తూబా’ అని ఉంది.

“పలక సరిపోలేదు మేడం. పదకొండు సుత ప్రధాన సంఖ్యనే గద?” అన్నాడు ప్రిన్సిపాల్ శాంతి కుమార్.

“పదకొండు అవును సార్. పదకొండు ఒకట్లు కాదు. 21649తో శేషం లేకుండ పోతది. నా స్టూడెంట్లు భాగించి చూస్తరు.”

“గేటు కాడ నిలబడి ఎవడు భాగిస్తడు మేడం?” ఆయన నవ్వాడు.

“అయితే నా పేరు తీసెయ్యుండ్రి. గా జాగల మిగిలిన ఎనిమిది ఒకట్లు పడతయ్.”

సాయంత్రానికి ఆమె పేరు అరగదీయించారు. ఆ జాగాలో శాంతి కుమార్ పేరు చెక్కించారు; ఒకట్లు పదకొండే మిగిలాయి. తూబాకు ఆ పలకను ముట్టబుద్ధి కాలేదు.

ఆవిష్కరణ సోమవారం పదిన్నరకు. ఆహ్వానపత్రం ప్రకారం, పలక మీది సంఖ్య ప్రధాన సంఖ్య ఎందుకయిందో తూబా ఐదు నిమిషాలు వివరించాలి.