రెండు పిడికిళ్ల ఎత్తు

"పప్పా, ధ్రువ నక్షత్రం చూసినవా?"

మేఘా అరుపుకి, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఆ చాల్ వరండాలో బట్టలారేస్తున్న పక్కగది రత్నాబాయి తిరిగి చూసింది. స్వప్న గబగబా కూతుర్ని ఫోన్‌తో సహా గదిలోకి లాగింది.

"చూసిన బిడ్డా. నిన్న పొద్దూకినంక. నువ్వు చెప్పినట్టే పిడికిలి మీద పిడికిలి పెట్టిన. సరిగ్గ రెండు," అన్నాడు సాయిలు.

"నాకూ రెండే పప్పా! సేమ్!"

ఆకాశంలో దేని ఎత్తయినా అలా కొలవవచ్చని సైన్స్ టీచర్ నేర్పింది. చెయ్యి బాగా చాపి, ఒక కన్ను మూసి, కంటి మట్టం నుంచి పైకి పిడికిళ్లు పేర్చాలి. ఒక్కో పిడికిలి పది డిగ్రీలు. మేఘా చాల్ డాబా మీద కొలిచింది. ఇంకో ఊరి కొలత కూడా తెమ్మని టీచర్ అంటే తండ్రినడిగింది. పప్పా కశ్మీర్‌లో సొరంగం పనికి పోయాడని బళ్లో అందరికీ గొప్పగా చెబుతుంది.

పది నిమిషాలు కాగానే ఫోన్ కట్టయింది. ఎప్పుడూ అంతే.

మర్నాడు బడి నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

"టీచర్ పప్పాది కొట్టేసింది."

"ఎందుకే?"

"ఉత్తరానికి పోయినకొద్ది ఆ చుక్క పైకి పోతదంట. ముంబైల రెండు పిడికిళ్లు. కశ్మీర్‌ల మూడున్నర రావాలె."

స్వప్న రొట్టెల పిండి కలపడం ఆపింది.

"మీ పప్పకు గోడలు కొలుచుడొస్తది గానీ చుక్కలు కొలుచుడొస్తదా?"

"పిడికిలి పెట్టుడు గూడ రాదా, మమ్మీ?" మేఘా గొంతు తగ్గించింది. "పప్పా కశ్మీర్‌ల లేడు. ఇక్కడిక్కడనే ఎక్కడో ఉన్నడు. మనకు ఝూట్ చెప్తున్నడు."

"నోర్ముయ్."

"తుషార్ వాళ్ల పప్పా లెక్క ఇంకో ఇల్లు పెట్టిండా?"

పిండి చేత్తోనే చెంప మీద ఒక్కటి వేసింది స్వప్న. పదేళ్ల పిల్ల ఏడవలేదు. తల్లే ఏడ్చింది. ఆ పూట రొట్టెలు కాల్చలేదు.

పొద్దున్నే మేఘాను బడికి పంపి, జైలు ములాఖత్ గదిలో అద్దం అవతల కూర్చున్న సాయిలుతో స్వప్న అన్న మొదటి మాట: "మళ్లొకసారి కొలిస్తే మూడున్నర వచ్చిందని చెప్పు దానికి, ఇంకా ఆరేండ్లు నమ్మియ్యాలె."